బిడ్డ ఎవరి పోలిక?

బిడ్డ పుట్టిందని తెలియగానే బరువెంత అని అడిగేవాళ్ళు తక్కువ, ఎవరి పోలిక అని అడిగేవాళ్ళు ఎక్కువ. ముక్కు తాతదని, నొసలు మేనత్తదని తేలేదాకా పెద్దవాళ్ళకు తోచదు. ఇంతవరకు అది ముచ్చటే. కాని బిడ్డ జుట్టు, కనురెప్పలు, ఒళ్ళు అన్నీ తెల్లగా ఉంటేనో, చేతికి ఆరు వేళ్ళు ఉంటేనో ముచ్చట పోయి విచారణ మొదలవుతుంది. గ్రహణం నాడు బయటికి వచ్చావా, ఏం తిన్నావు అని పచ్చి బాలింతను నిలదీస్తారు. మన మడికొండ చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఈ మాటలు వినబడుతూనే ఉంటాయి. అందుకే ఈ సంచికలో పోలికల సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

మన శరీరంలో ప్రతి లక్షణానికి సంబంధించిన జన్యువులు సాధారణంగా జంటగా ఉంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఆ రెండింటిలో ఏది పైకి కనబడుతుందన్న లెక్కను మొదట తేల్చినవాడు గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో మఠం తోటలో ఆయన బఠానీలు పెంచాడు. గుండ్రని గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో సంపర్కం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. ముడత పోయిందనుకోవలసిందే. కాని ఆ తరువాతి తరంలో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి వచ్చాయి. దాదాపు మూడింటికి ఒకటి! 1866లో ఈ లెక్కలు అచ్చయ్యాయి. పైకి కనబడే గుణాన్ని బహిర్గతం అని, దాగి ఉండి తరువాత బయటపడే గుణాన్ని అంతర్గతం అని మన పిల్లలు బడిలో చదువుకుంటున్నది దీనినే.

ఎందుకు దాగి ఉంటుంది? ఒంటికీ జుట్టుకూ రంగునిచ్చే పదార్థం మెలనిన్. అది తయారు కావడానికి కొన్ని జన్యువులు సరిగా పనిచేయాలి. ఇంట్లో ఇద్దరు సంపాదించేవాళ్ళలో ఒకరు మంచాన పడ్డా రెండవవారి సంపాదనతో ఇల్లు గడిచినట్లు, జంటలో ఒక జన్యువు చెడినా రెండవది పని నెట్టుకొస్తుంది. మనిషి మామూలు రంగులోనే ఉంటాడు. రెండూ చెడినవే వచ్చినప్పుడు మాత్రం మెలనిన్ ఉండదు, లేదా చాలా తక్కువగా ఉంటుంది. దీనిని ఆల్బినిజం అంటారు. ఇది బొల్లి కాదు, కుష్ఠు అంతకన్నా కాదు, ఎవరికీ అంటుకోదు.

కాబట్టి ఇలాంటి బిడ్డ పుడితే సాధారణంగా తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యువును చెరొకటి ఇచ్చినట్లే. ఒక్క తల్లినే తప్పు పట్టడానికి ఇందులో చోటే లేదు. ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆల్బినిజం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "ఒకరు పుట్టారు కదా, ఇక మిగిలిన ముగ్గురూ బాగానే ఉంటారు" అని కొందరు లెక్క వేసుకుంటారు. అది తప్పు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటినుండే.

ఈ పిల్లలకు మెలనిన్ లోపంవల్ల చూపు కూడా మందగిస్తుంది, కళ్ళు అటూ ఇటూ కదులుతుంటాయి. చిన్న వయసులోనే కంటి డాక్టరుకు చూపించండి. బడిలో ముందు బల్ల మీద కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి. పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పున్న టోపీ తప్పనిసరి. మన వరంగల్ ఎండ సంగతి చెప్పనక్కరలేదు కదా! చర్మం మీద మానని పుండు కనబడితే ఆలస్యం చేయకండి, అది చర్మ కేన్సరు కావచ్చు.

ఇక మేనరికం. మేనమామ, మేనకోడలు తమ జన్యువుల్లో సుమారు నాలుగో వంతు, మేనబావ మరదళ్ళు ఎనిమిదో వంతు ఒకే పెద్దలనుండి పొంది ఉంటారు. తాతదో అవ్వదో దాగిన జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం అందుకే పెరుగుతుంది. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు, 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడిన శాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసి, పి. మీరాఖాన్ గారితో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాల మీద 1963లో పరిశోధన ప్రచురించారు. మామూలుగా నూటికి రెండు మూడు కాన్పుల్లో తీవ్రమైన పుట్టు లోపాలు కనబడితే, మేనబావ మరదళ్ళ సంతానంలో ఆ సంఖ్య దాదాపు రెట్టింపు అని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు భయపడి కూర్చోవద్దు, కాన్పుకు ముందే డాక్టరుతో మాట్లాడండి.

ఆరు వేళ్ళ సంగతి వేరు. అది చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణం, తల్లిదండ్రుల్లో ఒకరు ఇచ్చిన జన్యువే చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. కొన్నిసార్లు ఒక తరం దాటి కూడా కనబడుతుంది. అదృష్టమని ఉంచుకున్నా ఫరవాలేదు గాని, ఊడిపోతుందని ఇంట్లో దారం కట్టి బిగించకండి, చీము పడుతుంది. నుదుటి మీద పుట్టుకతోనే తెల్లని జుట్టు పాయ, నీలి కళ్ళు ఉన్న బిడ్డను కూడా అందంగా ఉన్నాడని మురిసిపోయి ఊరుకోవద్దు. వార్డెన్‌బర్గ్ అనే స్థితిలో వీటితోపాటు చెవుడు కూడా ఉండవచ్చు. వెంటనే వినికిడి పరీక్ష చేయించాలి. మాటలు నేర్చే వయసు మళ్ళీ రాదు.

అన్ని పోలికలూ ఇంత తేలికగా తెగవు. చెవి అంచున దట్టంగా మొలిచే వెంట్రుకలు తండ్రినుండి కొడుకులకే వై క్రోమోజోము ద్వారా వస్తాయని ద్రోణంరాజు గారు 1960లో ఆంధ్ర కుటుంబాన్ని చూపి రాశారు. ఎన్నో పాఠ్యపుస్తకాలకు ఎక్కిన ఆ మాటను 2004లో దక్షిణ భారత పురుషుల మీద జరిగిన డి.ఎన్.ఎ. పరీక్షలు సమర్థించలేదు. నాలుక మడవడం కూడా ఒక్క జన్యువు పని కాదు. అచ్చం ఒకేలా ఉన్న కవలల్లో ఒకరు మడిచి ఇంకొకరు మడవలేకపోవడం ఉంది. ఒంటి ఛాయ, ఎత్తు ఎన్నో జన్యువులు కలిసి తేల్చే విషయాలు. తెల్లని దంపతులకు చామనఛాయ బిడ్డ పుట్టిందని అనుమానించడం అన్యాయం.

సందేహం ఉన్నవారు హైదరాబాదులో నిమ్స్ జన్యు విభాగంలో గాని, బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యు వ్యాధుల ఆసుపత్రిలో గాని సలహా పొందవచ్చు. వెళ్ళేముందు ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మూడు తరాల వివరాలు కాగితం మీద రాయించుకోండి. ఎవరు ఎవరిని చేసుకున్నారు, వాళ్ళు ముందే చుట్టాలా, ఎవరికి ఏ లోపం ఉండేది అన్నవి. పురిట్లోనే పోయిన పిల్లలను కూడా అందులో రాయండి. చాలామంది వాళ్ళను లెక్కలో చెప్పరు, డాక్టరు మొదట వెతికేది వాళ్ళనే.