రుద్రమదేవి: అవ్వకొచ్చిన డౌటు

దసరా సెలవులకి ఆళ్లగడ్డలో మా ఇంట్లో ఉన్నప్పుడు టీవీలో గుణశేఖర్ గారి ‘రుద్రమదేవి’ వచ్చింది. ఆడపిల్ల అని తెలియకుండా రాకుమారుడిలా పెంచే సీన్లు చూసి మా అవ్వ, “అంత పెద్ద కోటలో మంత్రసాని ఉండదా, చాకలామె ఉండదా, ఎవురికీ తెలీకుండా ఎట్ల పోతాది?” అనింది. నాకు నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు. నంద్యాలకి తిరిగొచ్చాక సెమిస్టర్ పుస్తకాలు పక్కన పెట్టి మరీ చదివాను. అవ్వ డౌటే కరెక్టు.

గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఓరుగల్లును ఏలాడు. కొడుకులు లేరు. ఇద్దరు కూతుళ్లు, రుద్రమ, గణపాంబ. గణపాంబని కోట వంశంలో బేతరాజుకిచ్చి పంపించాడు. రుద్రమని మాత్రం వారసురాలిగా పెట్టుకుని ‘రుద్రదేవ మహారాజు’ అని పేరు పెట్టాడు. శాసనాల్లో ఆ పేరు చూసే తర్వాతివాళ్లు మారువేషం కథ అల్లి ఉంటారని నా అనుమానం. నిడదవోలు చాళుక్య వంశంలోని వీరభద్రుడితో ఆమెకి పెళ్లి చేశాడు, ఆమెకి కూతుళ్లు పుట్టారు. దాచిపెట్టిన మనిషికి ఊరంతా తెలిసేలా పెళ్లి ఎవరు చేస్తారు? మోటుపల్లి రేవు సంగతి రాసిన మార్కో పోలో కూడా ఈ దేశాన్ని ఒక రాణి ఏలుతోందనే రాశాడు, చాలా న్యాయంగా ఏలుతోందని మెచ్చుకున్నాడు. కాకపోతే ఆమెని చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. కూతురు గద్దె ఎక్కడం ఆయన ఊహకి అందలేదేమో!

అంటే మగ పేరు ముసుగు కాదు, హోదా. సింహాసనం కొడుక్కే రావాలన్న రూల్‌ని గణపతిదేవుడు మార్చలేదు, కూతురినే కొడుకుగా లెక్క రాయించాడు. ఆడపిల్ల ఆడపిల్లగానే పుట్టుకతో ఆస్తిలో సమాన హక్కుదారు అని మన రాష్ట్రంలో చట్టం రావడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకి వర్తించలేదు. ఈ ముక్క చెప్తే అవ్వ కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కొడుకు కోసం ఏకంగా పోపుతోనే తెగతెంపులు చేసుకున్నాడు. ఆయన కూతురు ఎలిజబెత్‌కి మూడేళ్లు నిండకముందే తల్లి తల తీయించాడు. ఇరవై దాటగానే, 1554లో, సవతి అక్కే ఆమెని లండన్ టవర్‌లో ఖైదు చేయించింది. దాంతో పోలిస్తే రుద్రమ అదృష్టవంతురాలే. తండ్రి బతికుండగానే పక్కన కూర్చుని పాలన నేర్చుకుంది. అయితే తండ్రి చివరి రోజుల్లో నెల్లూరు దగ్గర ముత్తుకూరులో పాండ్యుల చేతిలో సైన్యం ఓడిపోయింది. ఆమె చేతికొచ్చింది దెబ్బతిన్న రాజ్యం.

మరి ఎట్లా నడిపింది? కాకతీయ రాజుకి ఊరూరా జీతాల ఉద్యోగులు లేరు. నాయకుడికి కొన్ని ఊళ్ల రాబడి ఇస్తారు, ఆ డబ్బుతో అతను సైన్యాన్ని పోషించి, రాజు పిలిచినప్పుడు తీసుకురావాలి. అదే నాయంకరం. పాత మాండలిక వంశాలు ఆమెని ఒప్పుకుంటాయో లేదో, అందుకని పెద్ద వంశం లేకపోయినా నమ్మకంగా ఉండే యోధులని నాయకులుగా పైకి తెచ్చింది. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వచ్చినప్పుడు ఆమె సైన్యం అతన్ని వెనక్కి తరిమింది. బీదరు కోటలో ఆమె శాసనం కూడా దొరికింది.

యుద్ధాల కంటే నాకు నచ్చింది 1261 నాటి మల్కాపురం శాసనం. తండ్రి మాట ఇచ్చిన మందడంతో పాటు వెలగపూడిని కూడా చేర్చి, విశ్వేశ్వర శివాచార్యుల గోళకీ మఠానికి ఆమె దానం చేసింది. మఠంతో ఆగలేదు. ఆ రాబడి మీద అన్నసత్రం, విద్యాశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడవాలి. వైద్యుడూ లెక్కలు రాసేవాడూ ఉండాలని కూడా అందులో ఉంది. ఇప్పుడు మన సెక్రటేరియట్ ఉన్నది ఆ వెలగపూడిలోనే.

నాయంకరంలో లొసుగు ఒకటుంది. సైన్యం నాయకుడిది, రాజుది కాదు. అది బయటపడింది మన వైపే. జన్నిగదేవుడి కాలంలో ఆమెకి అండగా ఉన్న కాయస్థ వంశంలోనే తర్వాత అంబదేవుడు వచ్చాడు. వల్లూరు, గండికోట అతని బలం. జమ్మలమడుగు దగ్గరి గండికోటకి ఫొటోల కోసం పోయే మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? అతను తిరగబడి స్వతంత్రుడయ్యాడు. 1290లో త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో తన విజయాలన్నీ చెప్పుకున్నాడు గానీ కాకతీయులని ఏలికలుగా చెప్పుకోలేదు.

దానికి ముందు ఏడాదిదే నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం. తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోకప్రాప్తి కలగాలని చేసిన దానం అది. రాణి, సేనాని ఇద్దరూ ఒకేసారి పోవడాన్ని బట్టి, అంబదేవుడితో పోరులోనే చనిపోయారని చరిత్రకారులు అనుకుంటారు. అప్పటికి ఆమెది మనవడికి రాజ్యం అప్పగించే వయసు.

ఆ మనవడు, కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు, రెండేళ్లలో అంబదేవుణ్ణి ఓడించాడు. అతన్ని రుద్రమ దత్తత తీసుకుంది. గద్దె మళ్లీ మగపిల్లాడికే చేరింది. “కూతుర్నే కూర్చోబెట్టి ఉంటే ఏమైతుండె?” అని అవ్వ ఫోన్‌లో అడిగింది. ఈ డౌటుకి నా దగ్గర ఏ శాసనమూ లేదు.