వంక నిద్రపోతూ ఉంటుంది

"అనంతపురానికి మురుగు కాలువల బెంగ ఏమిటండీ? ముందు నీళ్ళుంటే కదా!" అని కోస్తా మిత్రుడొకరు నన్ను వేళాకోళం చేశారు. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు 22 అంగుళాలు. కాని చిక్కంతా అక్కడే ఉంది. ఆ కాస్త వానా తీరుబడిగా పడదు. నెలల తరబడి ముఖం చాటేసి, ఒక్కొక్కప్పుడు ఒక్క రాత్రిలోనే కుమ్మరించి పోతుంది. 2022 అక్టోబరులో ఈ కరువు పట్నంలోనే వంకలు పొంగి, పల్లపు కాలనీలు నీట మునిగాయి.

నేను పాఠాలు చెప్పిన ఒక కళాశాలలో కొత్త భవనం కట్టిన సంగతి చెబుతాను. ప్లాను ముచ్చటగా ఉంది. ముందు వరండా, కింద గ్రంథాలయం, పైన సభామందిరం. పునాదులు తవ్వే రోజున ముసలి మేస్త్రీ ఒకడు నిలబడి నేలను పరీక్షగా చూశాడు.

"సార్, ఇది వంక. ఇప్పుడు నిద్రపోతాండాది. లేస్తే మాత్రం దాని దారి దానికి కావల్ల" అన్నాడు.

పదేళ్ళుగా అందులో చుక్క నీరు పారలేదు. అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. పల్లాన్ని మట్టితో పూడ్చి భవనం లేపారు. వాన నీటినీ, మరుగుదొడ్ల నీటినీ ఒకే గొట్టంలోకి మళ్ళించారు.

మూడో ఏట ఒక రాత్రి వంక నిద్ర లేచింది. తెల్లవారి తలుపు తీస్తే గ్రంథాలయంలో మోకాటి లోతు నీరు. ఆ గొట్టంలో పట్టక మురుగు వెనక్కి తన్నింది. అడుగు అరల్లోని నిఘంటువులు ఉబ్బి, అట్టలు ఊడి తేలుతున్నాయి. వాటిలో కొన్ని మళ్ళీ అచ్చు కాలేదు.

ఆ తర్వాత ఇంజనీర్లను అడిగి నేను తెలుసుకున్నవి కొన్ని పాఠకులకు మనవి చేస్తాను. బడిగాని, ఆసుపత్రిగాని, మరే నలుగురి భవనంగాని కట్టేముందు గ్రామ నక్షా చూడాలి. అందులో వంక పోరంబోకు గీసి ఉంటుంది. వంకను మళ్ళించక తప్పకపోతే, పునాదికి ముందే కొత్త దారి తవ్వాలి. నేలలో ఉన్న పాత గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నదీ పటంలో గుర్తించి, మార్చవలసినవి ముందే మార్చాలి.

పైకప్పు లెక్క ఇంకా ముఖ్యం. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 50 వేల లీటర్ల నీరు. ఏడాదికి ఐదు లక్షల పైచిలుకు! దారి చూపకపోతే అది గోడలు తినేస్తుంది. సంపులోకో ఇంకుడు గుంతలోకో పంపితే వేసవికి అక్కరకు వస్తుంది.

మురుగుకు వేరే గొట్టం ఉండాలి. నాలుగంగుళాల గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వడం పాత ఆనవాయితీ. మంచినీటి గొట్టాన్ని దానికి ఎడంగా, ఎత్తులో వేయాలి. కుళాయి కట్టేసిన వేళ గొట్టంలో ఒత్తిడి తగ్గి, పగుళ్ళలోనుంచి బయటి మురికిని లోపలికి పీల్చుకుంటుంది. రోజంతా నీళ్ళు రాని ఊళ్ళలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇదంతా మనకు కొత్త విద్య కాదు. 1364లో చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డకట్ట వేసి చెరువు కట్టించాడనీ, అనంతపురం అలా వెలసిందనీ చెబుతారు. నీటిని ఆపడమే కాదు, పొర్లిన నీరు పోవడానికి మరవ విడవడం కూడా చెరువు కట్టేవారి పనే. ఆ దారి చాలని నాడు గండి తప్పదు. బుక్కరాయసముద్రం చెరువు గండికి బలి అయిన ఇల్లాలి కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము' కావ్యంగా రాశారు. తరగతిలో ఆ కథ చెప్పినప్పుడల్లా పిల్లల కళ్ళు చెమర్చేవి. కాని అదే ఊరి నీటిని గూర్చి మేస్త్రీ చెప్పిన మాట మాత్రం నా చెవికెక్కలేదు.

చివరకు కళాశాలవారు వంకకు కల్వర్టు కట్టించారు, మురుగుకు వేరే గొట్టం వేయించారు, గ్రంథాలయాన్ని మేడ మీదికి మార్చారు. అందుకు చాలా డబ్బయింది. ఆ మేస్త్రీని కూర్చోబెట్టి, "వంక ఎటునుంచి ఎటు పోతుందయ్యా?" అని అడగడానికి దమ్మిడీ ఖర్చయ్యేది కాదు.