వీపు చీలినట్టు నొప్పి వస్తే అది వాయువేనా?

మన ఇళ్ళలో ఛాతీ పట్టేసిందంటే ముందు వినబడే మాట వాయువు. పాంచాలంకురిచ్చి నుంచి కోవిల్‌పట్టి, విరుదునగర్ దాకా తెలుగిళ్ళలో అంతే. పక్కింటి తమిళవాళ్ళు దాన్నే వాయు పిడిప్పు అంటారు. వాము నీళ్ళు తాగి, వీపు రాయించుకుని పడుకుంటాం. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. అలా తగ్గని నొప్పి ఒకటుంది. దాన్ని గుర్తుపట్టడంలో ఆలస్యమైతే ప్రాణమో కాలో పోతుంది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గుండె నుంచి బయలుదేరి పొట్ట దాకా దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమని. దాని గోడకు మూడు పొరలుంటాయి. ఏళ్ళ తరబడి బీపీ అదుపులో లేకపోతే లోపలి పొర ఒక్కోసారి చిట్లుతుంది. రక్తం ఆ చీలికలో దూరి, పొరలను విడదీసుకుంటూ దొంగదారి చేసుకుంటుంది. దీన్నే డాక్టర్లు అయోర్టిక్ డిసెక్షన్ అంటారు. పొగతాగే అలవాటు, కొన్ని కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే నాళాల బలహీనత కూడా కారణాలే.

ఇందులో నొప్పి సాధారణంగా మెల్లగా పెరగదు, మొదటి క్షణంలోనే భరించలేనంతగా ఉంటుంది. ఛాతీలోనో రెండు భుజాల మధ్య వీపులోనో మొదలై కిందికి జారవచ్చు.

అసలు చిక్కు కొమ్మనాళాల దగ్గర వస్తుంది. కాలువ గట్టు లోపలి మట్టి జారి పిల్లకాలువ నోటికి అడ్డం పడిందనుకోండి. పెద్దకాలువ నిండుగా పారుతున్నా ఆ మడికి చుక్క నీరందదు. ఇక్కడా అంతే, చిరిగిన పొర వెళ్ళి కొమ్మనాళం నోరు మూసేస్తుంది. కాలికి వెళ్ళే నాళం మూసుకుంటే కాలు చల్లబడి, పాలిపోయి, కదలదు. పక్షవాతమనో నరం పట్టిందనో ఇంటివాళ్ళు పొరబడేది ఇక్కడే. పేగులకు రక్తం ఆగితే, చేత్తో నొక్కిచూస్తే పొట్ట మెత్తగానే ఉన్నా మనిషి నొప్పితో మెలికలు తిరుగుతాడు. మూత్రపిండాలకు ఆగితే మూత్రం తగ్గి బీపీ ఇంకా ఎక్కుతుంది. మెదడుకు ఆగితే మాట పడిపోవచ్చు.

ఈసీజీలో ఏమీ కనబడకపోవచ్చు. గుండెపోటు అనుకుని రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ఈ జబ్బులో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నొప్పి ఎప్పుడు, ఎక్కడ మొదలైంది, ఎటు జారింది, కాలు చల్లబడిందా అన్నది డాక్టరుకు విడమరిచి చెప్పాలి. రెండు చేతుల్లో బీపీ చూస్తే తేడా దొరకవచ్చు. రంగుమందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌లో విషయం తేలుతుంది.

చీలిక గుండెకు దగ్గరి భాగంలో ఉంటే వెంటనే ఆపరేషన్ చేసి, చెడిన ముక్క స్థానంలో కృత్రిమ గొట్టం కుట్టాలి. మొదటి రెండు రోజుల్లో ఆపరేషన్ లేకుండా గడిచే ప్రతి గంటకూ చావు ముప్పు నూటికి ఒకటి రెండు చొప్పున పెరుగుతుందని వైద్యుల లెక్క. కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి గంట దూరం, మధురై ఇంకా ఎక్కువ. ఈ ఆపరేషన్ చేసే సర్జన్ ఎక్కడున్నారో ఇక్కడి ఆస్పత్రి చేతే ఫోన్ చేయించి, నేరుగా అక్కడికే వెళ్ళడం మేలు. ఈ శస్త్రచికిత్సకు దారి వేసిన అమెరికా వైద్యుడు మైకేల్ డిబేకీకే 97 ఏళ్ళ వయసులో, 2005 చివర్లో ఈ జబ్బు వచ్చింది. 2006లో ఆపరేషన్ చేయించుకుని 2008 దాకా బతికారు.

చీలిక వీపు వైపు భాగంలోనే ఉంటే ముందు మందులతో గుండె వేగం, బీపీ తగ్గిస్తారు. కాలికో పేగుకో రక్తం ఆగితే మాత్రం మందులు చాలవు. గజ్జలోని నాళం గుండా బట్ట తొడిగిన స్టెంట్ పంపి చీలిక నోరు మూస్తారు. అయినా కాలికి రక్తం రాకపోతే రెండో కాలి నాళం నుంచి బైపాస్ వేస్తారు. ఆగిన రక్తం తిరిగి పారినప్పుడు కాలి కండ బాగా ఉబ్బవచ్చు. అప్పుడు బిగువు వదలడానికి చర్మాన్నీ, కండ మీది పొరనూ కోసి తెరవాల్సి వస్తుంది. అది చూసి ఇంటివాళ్ళు హడలిపోతారు గాని, కాలు నిలబెట్టేది ఆ కోతే.

ఊరగాయ, అప్పడం, కరువాడు లేని పూట మనకు తక్కువ. బీపీ మాత్ర మానేసేవాళ్ళకు మాత్రం తక్కువ లేదు. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం కింద ఆ మాత్రలు ఇంటికే వస్తున్నాయి. ఒకసారి డిసెక్షన్ వచ్చి బయటపడినవారికి ఆ మాత్రలు జీవితాంతం ఉంటాయి. దొంగదారి ఏళ్ళ తర్వాత కూడా ఉబ్బి పగలవచ్చు కనుక మొదటి ఏడాది రెండు మూడుసార్లు, తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా స్కాన్ తీయించాలి. కొత్తదాన్ని పోల్చి చూడాలి కాబట్టి పాత ఫిల్ములు పారేయకండి. చిన్న వయసులో వచ్చి ఉంటే తోబుట్టువులకూ పిల్లలకూ ఒకసారి పరీక్ష చేయించండి.