సిపాయి జీతం, సిపాయి నోరు

సైన్యాన్ని గురించి రాయవలసి వచ్చినప్పుడు మన రచయితల్లో చాలామంది రెండే మాటలు వాడుతుంటారు. ఒకటి: సిపాయి వీరుడు. రెండు: సిపాయి పాలకవర్గం చేతిలో ఆయుధం. మొదటి మాట ఆగస్టు పదిహేను సభకు సరిపోతుంది, రెండోది సిద్ధాంత వ్యాసానికి. ఈ రెండింటిలోనూ జీతం తీసుకుని బతికే మనిషి కనిపించడు. అతని జీతం, తిండి, సెలవు, పింఛను ఎవరు నిర్ణయిస్తున్నారు, ఆ నిర్ణయంలో అతని మాటకు చోటున్నదా అని అడగకుండా అతని కథ రాయడం సాధ్యం కాదు.

నిన్నటి దాకా విశాఖ జిల్లాలో వుండి, 2022లో అనకాపల్లి జిల్లాలో కలిసిన చోడవరం చెరకు పండే ప్రాంతం. ఇక్కడ ఇంటర్ చదివిన చిన్నరైతు కొడుకు తెల్లవారకముందే లేచి, సైన్యంలో ఎంపిక కోసం రోడ్డు మీద పరుగు సాధన చేస్తుంటే దానికి దేశభక్తి ఒక్కటే కారణమనుకోరాదు. ఎకరం పొలం ఇద్దరన్నదమ్ములకు తిండి పెట్టదు. నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం, ముసలితనంలో పింఛను – ఆ ఇంటి లెక్క ఇది. ఈ లెక్కలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మిల్లు కార్మికుడి లెక్కా ఇదే. తేడా ఒక్కటే: మిల్లు కార్మికుడు సంఘం పెట్టుకోవచ్చు.

సిపాయి తనంతట తాను నోరు తెరిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలోని కంపెనీ సిపాయిలను ఓడలెక్కి మద్రాసు పోయి హైదరాలీ మీద యుద్ధం చెయ్యమన్నారు. వాళ్ళు ఎక్కలేదు. కొందరు ఇంగ్లీషువాళ్ళను కాల్చి చంపి, ఊళ్ళో దోపిడీ చేసి వెళ్ళిపోయారు. ఆ హింసను సమర్థించనక్కరలేదు. కాని దాని అడుగున ఒక ప్రశ్న వున్నది: కూలి యిచ్చినంత మాత్రాన ప్రాణాన్ని ఏ తీరానికైనా తరలించే హక్కు యజమానికి వస్తుందా?

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో 'తల్వార్' నావికులు అదే ప్రశ్నను సంఘటితంగా వేశారు. పాడు తిండి, తెల్ల అధికారుల బూతులు, బ్రిటిష్ నావికులతో సమానం కాని జీతాలు – సమ్మె ఇక్కడ మొదలయింది. ఆజాద్ హింద్ ఫౌజు ఖైదీల విడుదల, ఇండోనేషియా నుంచి భారత సేనల ఉపసంహరణ కూడా కోర్కెల్లో చేరాయి. తిండి కోసం మొదలైన పోరాటం సామ్రాజ్యవాద వ్యతిరేక పోరాటం కావడానికి ఎన్నో రోజులు పట్టలేదు. విశాఖపట్నం నావికులతో సహా సుమారు 20 వేలమంది కదిలారు. ఫిబ్రవరి 23న నాయకుల సలహా మీద లొంగిపోయారు. విచారణ జరిపిన ఫజల్ అలీ కమిషన్ వాళ్ళ బాధలు నిజమేనని తేల్చింది. అయినా స్వతంత్ర భారత నౌకాదళం వాళ్ళను తిరిగి తీసుకోలేదు.

ఆ తరువాత వచ్చిన చట్టం ఏం చేసింది? రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని పార్లమెంటుకు యిచ్చింది. 1950 సైనిక చట్టం 21వ సెక్షను కార్మిక సంఘంలో చేరడాన్ని, రాజకీయ సభల్లో పాల్గొనడాన్ని, పత్రికలకు రాయడాన్ని నియంత్రించవచ్చునన్నది. బాధ వుంటే ఒక్కడే, పైఅధికారి ద్వారానే చెప్పుకోవాలి. సైనిక కోర్టు శిక్షల మీద అప్పీలుకు ఏర్పాటు కావాలని 1982లో సుప్రీంకోర్టు సూచించింది. అందుకు ట్రిబ్యునల్ చట్టం వచ్చింది 2007లో. పాతికేళ్ళు!

తుపాకి పట్టినవాడు సమ్మె చెయ్యరాదన్న వాదాన్ని తేలికగా తోసిపారెయ్యలేం. తుపాకి ఎవరి మీదికైనా తిరగవచ్చు. కాని సమ్మె చేసే హక్కు వేరు, కలిసి చెప్పుకునే హక్కు వేరు. పశ్చిమ జర్మనీ సైనికులు 1956లోనే సంఘం పెట్టుకున్నారు. నెదర్లాండ్సులో నిర్బంధ సైనికులు 1966లో పెట్టుకున్నారు. అందువల్ల ఆ సైన్యాలు కూలిపోలేదు. అమెరికా మాత్రం 1978లో సైనిక యూనియన్లను చట్టం చేసి నిషేధించింది. కాబట్టి ఇది ప్రకృతి నియమం కాదు, ఆయా రాజ్యాలు చేసుకున్న ఎంపిక.

మన దేశంలో దీని ఫలితం ఇటీవలి రెండు ఘట్టాలలో స్పష్టమయింది. 2015లో 'ఒకే ర్యాంకు – ఒకే పింఛను' కోసం ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నవాళ్ళు మాజీ సైనికులు. ఆ నవంబరులో ఉత్తర్వు సంపాదించారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ళ ఉద్యోగం, మొదటి ఏడు నెలకు 30 వేలు, నాలుగో ఏడు 40 వేలు. అందులో 30 శాతం నిధికి కోత. చివర చేతికి సుమారు 11.71 లక్షలు. నూటికి పాతికమందికి మించి కొనసాగరు. మిగిలినవారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. మూడు రోజుల తరువాత సికింద్రాబాద్ స్టేషనులో యువకుల ఆగ్రహం రైళ్ళ దహనానికి, పోలీసు కాల్పులకు, ఒక యువకుడి మరణానికి దారితీసింది.

గమనించండి. ఇంకా చేరనివాడు మాట్లాడాడు. దిగిపోయినవాడు మాట్లాడాడు. యూనిఫారంలో వున్నవాడు మాత్రం మాట్లాడలేదు. అతనికి బాధ లేక కాదు, చట్టం వుండబట్టి.

రచయిత పని ఇక్కడే మొదలవుతుంది. చట్టం బీదవాడి నెత్తి మీద ఎలా నడుస్తుందో మన విశాఖ రచయిత రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో కోర్టులను, పోలీసులను పెట్టి చూపించాడు. ఆ చూపు సైనిక చట్టం మీద కూడా పడాలి. 1946 నావికుల పోరాటాన్ని ఉత్పల్ దత్ 1965లో 'కల్లోల్' నాటకంగా కలకత్తా రంగస్థలం మీదికి తెచ్చాడు. ఆ ఏడే ఆయనను నిర్బంధించారు. విశాఖ నావికుల ప్రస్తావన మన నాటకాల్లో ఎంత వున్నదో మనమే లెక్క వేసుకోవాలి.

మన పల్లెల్లో పింఛను తీసుకుంటున్న సిపాయిలున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని యుద్ధం గురించే కాదు, జీతం గురించి, దొరకని సెలవు గురించి, ఇంటికి రాసి పంపని ఉత్తరాల గురించి అడగాలి. 21వ సెక్షను కట్టేసింది సిపాయి కలాన్ని. మన కలాన్ని కాదు.