పొన్నంగి పిట్ట వస్తే గంప మూయండి

రాండ్రా, అరుగు మీద సర్దుకొని కూచోండి. శనక్కాయలు తినండి గానీ పొట్టు కింద పడేస్తే మీ అవ్వ నా మీద పడతాది.

పొన్నంగి పిట్ట గోరింక కన్నా కొంచెం చిన్నది. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, గొంతు తెలుపు, కంటి మీదుగా నల్ల పట్టీ, తోక కింద ఎరుపు. హిందీ వాళ్లు నవరంగ్ అంటారు. ఇన్ని రంగులున్నాయి గదా, కొమ్మల మీద ఊరేగుతాదేమో అనుకుంటారు మీరు. అబ్బే! చెట్ల కింద నీడలో, దిబ్బ కెలికే కోడి మాదిరి రాలిన ఆకులు తిప్పుకుంటా పురుగులు, వానపాములు ఏరుకుంటాది. కదలకుంటే పక్కనున్నా కనపడదు. పొద్దున, సందేళ మాత్రం ఈల వేసి దొరికిపోతాది. చానా పిట్టలు పెద్దల పాట విని నేర్చుకుంటాయి. దీని కుటుంబం ఆ బడికి పోదంట, కూత పుట్టుకతోనే వస్తాదంట!

దీని చుట్టం ఒకటి మడ అడవుల్లో ఉంటాది. సముద్రపు పోటుకు ఉప్పునీళ్లు ఎక్కి దిగే బురదలో పీతల్ని పట్టాల గదా, అందుకే దానికి ముక్కు లావు. ఒడిశాలో భితర్‌కనిక చుట్టుపక్కల 2024లో మొదటిసారి లెక్కపెడితే 179 కనిపించినాయి. మన నల్లరేగడికి అది రాదులే.

పొన్నంగిది వేరే కత. చలికాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి, ఎండాకాలం ఉత్తరానికి మళ్లుతాది. మధ్య భారతంలో, హిమాలయాల కింది అడవుల్లో వానలకు గూడు కడతాది. గూడు గుండ్రంగా ఉంటాది, లోపలికి దోవ పక్కనుంచి. చలి మొదలయ్యే ముందు మళ్లీ దక్షిణానికి వస్తాది. ఈ పయనమంతా రాత్రిళ్లే. అలిసిపోయో, దీపాలకు బెదిరి గోడకు కొట్టుకొనో ఊళ్లల్లో పడిపోతాది. ఒక ఏడు మన పెరట్లో వేపచెట్టు కింద ఒకటి పడింది. మీ అవ్వ అన్నం మెతుకులు తెచ్చింది, అది ముట్టనైనా ముట్టలేదు. పురుగులు తినేదానికి మెతుకులేం పనికొస్తాయి?

మన ఊరు నందవరంలో మీకెవరికైనా అట్ల దొరికితే చేతుల్లో పెట్టుకొని ఊరంతా చూపించొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. పిల్లి రాని చోట గంప మూసి, చీకట్లో వదిలేయండి. సాయంత్రానికి తేరుకుంటే చెట్టు కింద గంప ఎత్తండి, అదే పోతాది. రెక్క విరిగుంటే అటవీ శాఖోళ్లకు చెప్పండి.