కోడి జుట్టు నుంచి పాము కాళ్ల దాకా

ప్రొద్దుటూరు, ఖాజీపేట చుట్టుపక్కల పందెంకోడిని దగ్గర నుంచి చూసినవాళ్లకు దాని జుట్టు సంగతి తెలుసు. మామూలు పుంజుకు ఉన్నట్టు నిటారుగా లేవదు. మూడు వరుసల బుడిపెలతో నెత్తికి అణిగి ఉంటుంది. ఎదుటి పుంజు ముక్కుకు అంత తేలిగ్గా దొరకదు. ఈ జుట్టు గుట్టు 2009లో బయటపడింది. సాక్స్-5 అనే జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో ఏ తేడా లేదు. ఆ జన్యువు నడుమ, ప్రోటీన్‌తో సంబంధం లేని చోట, ఒక డీఎన్‌ఏ ముక్కకు నకళ్ల మీద నకళ్లు పడ్డాయి. దాంతో గుడ్డులో పిల్ల ఎదిగేటప్పుడే, ఆ జన్యువు తనకు పని లేని చోట పని మొదలుపెడుతుంది.

జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంత పనిచేయాలో చెప్పే ఇలాంటి భాగాలే జన్యువుల మీటలు. మనిషి డీఎన్‌ఏలోని 300 కోట్ల అక్షరాల్లో ప్రోటీన్లకు పనికొచ్చేవి రెండు శాతం లోపే. అసలు వింతలు మిగతా దాంట్లో ఉన్నాయి.

దూరానికి పేరుమోసిన మీట జెడ్‌ఆర్‌ఎస్. కాళ్లూ చేతులూ మొలిపించే సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుకు ఇది దాదాపు పది లక్షల అక్షరాల అవతల, ఇంకో జన్యువు కడుపులో ఉంటుంది. ఇందులో ఒక్క అక్షరం తప్పినా బొటనవేలి పక్కన ఇంకో వేలు మొలవొచ్చు. అమెరికాలోని కీ వెస్ట్‌లో రచయిత హెమింగ్వే ఇంటి పిల్లుల ఆరువేళ్లకు కారణం ఇదే. పాముల్లో ఈ మీట చెడిపోయింది. 2016లో శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఈ మీట తీసేసి నాగుపాము మీట పెట్టారు. పుట్టిన పిల్లలకు కాళ్లకు బదులు మొండి ముక్కలే మిగిలాయి. కొండచిలువ మీటతోనూ అంతే. పాములు పోగొట్టుకున్న 17 అక్షరాలను కొండచిలువ మీటలో తిరిగి చేర్చి చూస్తే, ఎలుకపిల్లలు నిండు కాళ్లతో పుట్టాయి! కాళ్లు పోవడానికి కోట్ల ఏళ్లు, రావడానికి 17 అక్షరాలు.

పాల మీట మనకు ఇంకా దగ్గరిది. పెద్దయ్యాక కూడా పాలు అరగాలంటే లాక్టేజ్ జన్యువు ఆగకుండా పనిచేయాలి. దానికి 13,910 అక్షరాల ముందున్న ఒకే ఒక్క అక్షరం మారితే చాలు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ పాల్గొన్న ఒక అధ్యయనంలో రెండు వేల మందికి పైగా భారతీయులను పరీక్షిస్తే, యూరప్‌వాళ్లలో ఉన్న మార్పే ఇక్కడా కనిపించింది. దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ అది తగ్గుతుంది. పాలు పడనివాళ్లకు మజ్జిగ పడుతుందంటే, తోడు పెట్టినప్పుడే కొంత పాలచక్కెర ఖర్చయిపోతుంది కనుక.

మనిషిలో, ఎలుకలో, పందికొక్కులాంటి పెద్ద ఎలుకలో ఒక్క అక్షరమూ తేడా లేని 481 డీఎన్‌ఏ ముక్కలు 2004లో దొరికాయి. ఇవి లేకుంటే ప్రాణమే నిలవదనుకున్నారు. 2007లో నాలుగింటిని తీసేసి చూస్తే ఎలుకలు నిక్షేపంగా బతికాయి! మరికొన్నింటిని తీసేసినప్పుడు మాత్రం మెదడులో లోపాలు బయటపడ్డాయని 2018లో తేలింది.

వయసులో పెద్దది సముద్రపు స్పాంజ్ మీట. దాని వంశం 70 కోట్ల ఏళ్ల నాటిది. జీబ్రాఫిష్ అనే చేపలో పెడితే అక్కడా పనిచేసింది.

పక్కనే ఒడిశాలో ప్రియంబద మొహంతి హెజ్మాడి బృందం 1992లో చూపించింది మరీ విడ్డూరం. తోక కోసిన కప్పపిల్లలకు విటమిన్ ఏ ఇస్తే, తోక ఉండాల్సిన చోట కాళ్లు మొలిచాయి. విటమిన్ ఏ నుంచి తయారయ్యే ఆమ్లం పిండంలో ఇలాంటి మీటలనే నొక్కుతుంది. ఆ కుటుంబానికే చెందిన ఐసోట్రెటినాయిన్‌ను మొటిమలకు మాత్రలుగా ఇస్తారు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు ఆ మాత్రల జోలికి పోకూడదు. మందు రాయించుకునేటప్పుడే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.