మానింది పసరు వల్లా, పోగు వల్లా?

బోరబండ నుంచి ఎర్రగడ్డ వైపు వెళ్తే ఈఎస్‌ఐ ఆసుపత్రి, ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి, చర్మవ్యాధుల మీద పనిచేసే జాతీయ యునానీ పరిశోధన సంస్థ దగ్గరదగ్గరలోనే తగులుతాయి. కాలికి షుగరు పుండు పడ్డ మనిషి ఈ మూడింటిలో ఏ గడపైనా తొక్కవచ్చు. అంతకుముందే ఇంట్లో పసుపు అద్దుకునో, గాయపాకు పసరు పిండుకునో వచ్చి ఉంటాడు. అక్కడి నుంచి ముంబై హైవే మీద ఇంకా ముందుకు పోతే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. అక్కడ చంద్రశేఖర్ శర్మ బృందం శానిటరీ నాప్‌కిన్లలో తడి బాగా పీల్చుకునేందుకు సెల్యులోజ్ ఎసిటేట్ నానో పోగులను పరీక్షించింది. 2021లో బ్లాక్ ఫంగస్ భయం ముదిరినప్పుడు తోటి పరిశోధకుడు సప్తర్షి మజుందార్‌తో కలిసి, నానో పోగుల్లో ఆంఫోటెరిసిన్-బి అనే ఫంగస్ మందు నింపి నోటితో మింగే 60 మిల్లీగ్రాముల మాత్రను ప్రకటించింది. పసరు ఒకవైపు, పోగు ఒకవైపు. రెండూ కలిపి, పసరు నింపిన నానో పోగులతో పుండుకి కట్టు కట్టాలన్న ఆలోచన మీద ఇప్పుడు ప్రపంచమంతటా పరిశోధనా పత్రాలు కుప్పలుగా వస్తున్నాయి. వేప, కలబంద, సరస్వతి ఆకు, పసుపు, దేన్నీ వదల్లేదు. ఆలోచన మంచిదే. కానీ పుండు మానితే ఆ పేరు పసరుకి దక్కాలా, పోగుకి దక్కాలా అన్నది తేల్చకుండానే చాలామంది పసరుకి దండ వేసేస్తున్నారు. నా పేచీ అక్కడే.

పోగు ఎలా పుడుతుందో చూస్తే ఈ పేచీ ఎందుకో తెలుస్తుంది. జిలాటిన్ లాంటి పాలిమర్‌ను ద్రావకంలో కరిగించి సిరంజిలో పోస్తారు. సూదికి పది నుంచి ముప్ఫై వేల వోల్టుల కరెంటు ఇస్తారు. సూది మొన దగ్గర బొట్టు గుండ్రంగా ఉండలేక శంఖువులా సాగుతుంది. ఈ ఆకారం లెక్కను 1964లో జెఫ్రీ టేలర్ కట్టాడు. ఆ కొస నుంచి సన్నటి ధార ఎగిరి, గాలిలో మెలికలు తిరుగుతూ, ద్రావకం ఆవిరైపోగా, జానెడు దూరంలోని రేకు మీద పొడి పోగుగా వాలుతుంది. దాని మందం కొన్ని వందల నానోమీటర్లు, అంటే తల వెంట్రుకలో వందో వంతు కంటే తక్కువే. మన చర్మంలోని కొల్లాజెన్ పోగులూ దాదాపు అంతే సన్నగా ఉంటాయి కాబట్టి కొత్త కణాలు దాన్ని పట్టుకుని పాకగలవు. ఇదంతా పాకం మీద ఆధారపడిన పని. లేతగా ఉంటే తీగ రాదు, పూసలు పూసలుగా చిమ్ముతుంది. ముదిరితే సూది దాటదు. అందులో ఆకు సారం కలిపారనుకోండి, దానిలోని లవణాలు, చక్కెరలు పాకం చిక్కదనాన్నీ, కరెంటు మోసే గుణాన్నీ మార్చేస్తాయి. పోగు మందమే మారిపోతుంది. పసరున్న కట్టును, పసరు లేని కట్టును పక్కపక్కన పెట్టి పోల్చామనుకుంటాం గానీ, నిజానికి అవి రెండు వేర్వేరు బట్టలు.

ఇక ఉత్త బట్ట కూడా తక్కువ పని చేయదు. పుండు ఆరాలి, పక్కు కట్టాలి అనే నమ్మకాన్ని 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగం తలకిందులు చేసింది. పాలిథిన్ పొర కప్పి తడిగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. ఎండిన గాజు గుడ్డను లాగినప్పుడు చుర్రుమనడం ఒక్కటే కాదు, గుడ్డకు అంటుకుని అప్పుడప్పుడే మొలిచిన లేత కండ కూడా ఊడొస్తుంది. ఎర్రటి చుక్కలు తేలేది అందుకే. నానో పోగుల పొర రసిని పీల్చుకుంటుంది, తేమను నిలుపుతుంది, గాలిని ఆడనిస్తుంది, సందులు బాగా ఇరుకుగా ఉంటే బ్యాక్టీరియాకు అడ్డుపడుతుంది. అమెరికాలో 2017లో అనుమతి పొందిన రెస్ట్రాటా అనే కట్టు ఇలా నేసిన పోగుల పొరే. అందులో ఏ మూలికా లేదు. కాబట్టి 'మా కట్టు గాజు గుడ్డ కంటే త్వరగా మాన్పింది' అని ఎవరైనా రాస్తే, ఆకు పేరు చెప్పే ముందు ఉత్త పోగుతో పోల్చిన అంకె చూపించమనాలి.

అలాగని పసరు దండగ అనడం లేదు. పసుపునే తీసుకోండి. అందులో నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళుండే కర్క్యుమిన్ నీళ్ళలో సరిగా కరగదు. పైగా క్షారగుణం దానికి గిట్టదు. శరీరపు వేడిలో, పీహెచ్ 7.2 దగ్గర ఉత్త బఫర్ ద్రావణంలో అరగంటలోనే నూటికి తొంభై పాళ్ళు విరిగిపోతుందని 1997లోనే చూపించారు. మొండి పుండ్ల రసి సాధారణంగా అంతకంటే క్షారంగానే ఉంటుంది. అంటే ఏ పుండుకి పసుపు ఎక్కువ కావాలనుకుంటామో, అక్కడే దాని సారం తొందరగా చచ్చిపోతుంది. దాన్ని పాలీకాప్రోలాక్టోన్ అనే నీరంటని పాలిమర్ పోగులో పొదిగి కొద్దికొద్దిగా వదిలితే పోగుకి ఒక అసలైన పని దొరికినట్టే. 2009లో షుగరు తెప్పించిన ఎలుకల మీద అలాంటి కట్టు వేస్తే గాయాలు త్వరగా మూసుకున్నాయి. అయితే ఎలుక చర్మం కింద ఒక పల్చటి కండర పొర ఉంటుంది. అది గాయం అంచుల్ని దగ్గరికి లాగేస్తుంది. మన అరికాలి పుండుకి ఆ సౌకర్యం లేదు, అది అడుగు నుంచి కండ పూడి, పైన చర్మం పాకితేనే మానుతుంది. ఎలుకలో గెలిచిన కట్టు మనిషి దగ్గర తేలిపోవడంలో వింత లేదు.

వేల ఏళ్ళ వాడకమే రుజువు కదా, 1995లో అమెరికా ఇచ్చిన పసుపు పేటెంటును మన సీఎస్‌ఐఆర్ 1997లో రద్దు చేయించలేదా అని అడిగేవారు ఉంటారు. చేయించింది, గర్వించాల్సిన పనే. కానీ అక్కడ తేలింది గాయాలకు పసుపు వాడటం కొత్త సంగతి కాదని మాత్రమే. ఎంత వేస్తే ఏ పుండు ఎన్నాళ్ళకి మానుతుందన్నది ఆ వివాదంలో ఎవరూ అడగలేదు. పైగా మనం తరతరాల మందు అనుకునే గాయపాకు, అదే గడ్డి చామంతి, అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు మొక్క! జానపద సినిమాల్లో ఆకుపసరు పిండగానే హీరో తెల్లారేసరికి గుర్రమెక్కేస్తాడు. ఫిలింనగర్‌లో ఆ వేగం చెల్లుతుంది గానీ, పచ్చి ఆకుతో పాటు మట్టిలోని ధనుర్వాతం బీజాలు కూడా పుండులోకి దిగగలవు.

ఇంకొందరి అభ్యంతరం మరింత బరువైనది. మూలిక బలం మొత్తం సారంలో ఉంటుంది, ఒక్క అణువును విడదీసి కొలిస్తే ఆ బలం పోతుందంటారు. కావచ్చు. కానీ మొత్తం సారాన్నైనా కొలవవచ్చని భూర్జ బెరడు చూపించింది. దాని సారంతో చేసిన ఫిల్సువెజ్ అనే జెల్‌కి, చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే ఒక జన్యువ్యాధి గాయాల కోసం 2022లో ఐరోపాలో, 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఒంటి అణువు కాదు, ట్రైటెర్పీన్ల మిశ్రమం. కాకపోతే ప్రతి ట్యూబులో ఏది ఎంత ఉండాలో కట్టుదిట్టం చేశారు. 223 మంది మీద జరిగిన పరీక్షలో ఆ సారం లేని జెల్‌తో పోల్చారు. 45 రోజుల్లో ఎంచుకున్న గాయం పూర్తిగా మూసుకున్నవాళ్ళు మందు వైపు 41.3 శాతం, అవతలి వైపు 28.9 శాతం. తొంభై రోజులకి ఆ తేడా తగ్గింది, ఆ సంగతీ దాచలేదు. మన వేప, పసుపు కట్టులకు ఇలాంటి బట్టబయలు లెక్క కావాలి. చెట్టు ఏ నేలది, ఆకు ఏ నెలలో కోశారు, సారం నీళ్ళతో తీశారా ఆల్కహాల్‌తోనా అన్నదాన్ని బట్టి పదార్థం మారిపోతుంటే, 'వేప సారం 5 శాతం' అన్న మాటకి అర్థమే ఉండదు.

ఖర్చు మాట ఒకటుంది. ఒక సూది గంటకి మిల్లీలీటరు ద్రావణం వదిలితే, అందులో పదోవంతు పాలిమరే కాబట్టి చేతికొచ్చేది గంటకి 0.1 గ్రాము పోగు. అనేక సూదులున్న యంత్రాలు, సూదే లేని యంత్రాలు వచ్చాయి గానీ, బస్తీ దవాఖానాలో ఊరికే ఇచ్చేంత చవక కావాలంటే ఇంకా పని ఉంది. దేశంలో పది కోట్ల మందికి షుగరుందని ఐసీఎంఆర్ 2023లో తేల్చిన అంచనా చూస్తే ఆ పని చేయక తప్పదు. ముందుగా హైదరాబాద్‌లోనే మూడు జట్లతో పరీక్ష పెట్టవచ్చు. ఒకరికి మామూలు డ్రెస్సింగ్, ఒకరికి ఉత్త పోగు, ఒకరికి పసరున్న పోగు. పాదం మీద బరువు పడకుండా చూసే చెప్పులు, షుగరు అదుపు ముగ్గురికీ సమానం. పన్నెండు వారాలు చూడాలి. పుండు మూసుకుందని రాయాలంటే అమెరికా ఎఫ్‌డీఏ పద్ధతిలో రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు కూడా రసి లేకుండా పొడిగా ఉండాలి. బోరబండలో రోజుకూలీ మీద బతికే మనిషి, నొప్పి తగ్గాక ఆ రెండోసారి రావడానికి పని మానుకోడు. అతని ఆటో చార్జీ, ఆ పూట కూలీ పరీక్ష బడ్జెట్‌లో మొదటే రాసుకోవాలి.